తిరిగి కట్టక్కర్లేని డబ్బు – దుర్గాబాయి గారు చూపిన దారి

ప్రతి ఏడాదీ మన సమాఖ్య నివేదికలో పొదుపు ఎంత, అప్పులు ఎంత ఇచ్చాం, వసూళ్లు ఎంత శాతం అని లెక్కలు వేసుకుంటాం. ఈసారి లెక్కలతో పాటు కాస్త చరిత్ర కూడా ఉండాలని ఈసీ మీటింగులో అనుకున్నాం. దానికి కారణం ఉంది. రాబోయే మహాసభ ముందుకు ఒక తీర్మానం వస్తోంది. సమాఖ్యకు వచ్చే వడ్డీ మిగులులో కొంత భాగం పక్కన పెట్టి, దాన్ని అప్పుగా కాకుండా సాయంగా ఇవ్వాలా వద్దా అన్నదే ఆ తీర్మానం. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్ల మళ్లీ పదో తరగతి పరీక్ష కట్టడానికి, భర్త వదిలేసిన మనిషి కోర్టు వాయిదాలకు తిరగడానికి ఆ డబ్బు వాడాలని ఆలోచన.

"సంఘం డబ్బు సంఘానికి తిరిగి రావాలి కదా, ఊరికే ఎలా ఇస్తాం?" అని కొందరు అక్కలు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. రూపాయి రూపాయి కూడబెట్టిన వాళ్లు అలా అడక్కపోతేనే తప్పు. అయితే ఈ ప్రశ్న మనతో మొదలవలేదు. మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు జీవితమంతా ఇదే పని మీద ఉన్నారు. ఆడవాళ్ల కోసం డబ్బు పోగుచేయడం, పనిచేసే వాళ్లకు ఆ డబ్బు అందించడం, చట్టం మారాలని పెద్దల దగ్గర వాదించడం – మూడూ ఆవిడ చేశారు.

మొదటి నిధి

ఆవిడ 1909 జూలై 15న పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని ఖచ్చితంగా చెప్పేశారు. పుట్టింటి వాళ్లు అండగా నిలబడ్డారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

1921లో గాంధీ గారు కాకినాడ వచ్చారు. అప్పటికి దుర్గాబాయి పన్నెండేళ్లు నిండని పిల్ల. దేవదాసీలు, పరదా పాటించే ముస్లిం ఆడవాళ్లు గాంధీ గారి మాట వినాలని ఆవిడ పట్టుబట్టారు. 5,000 రూపాయల నిధి ఇస్తే ఆయన టైము ఇప్పిస్తామని అక్కడి పెద్దలు అన్నారు. చిన్నపిల్ల ఎక్కడ తెస్తుందిలే అనుకుని ఉంటారు. ఆ డబ్బు దేవదాసీ స్త్రీలే పోగుచేసి ఇచ్చారు. మీటింగు జరిగింది.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. ఆ నిధి ఏ జమీందారూ ఇచ్చింది కాదు. ఊళ్లో ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోని ఆడవాళ్లు ఇచ్చింది. వాళ్లకు అది తిరిగి రాలేదు, వస్తుందని ఇవ్వనూ లేదు.

ఆంధ్ర మహిళా సభ

1930లో ఉప్పు సత్యాగ్రహంలో దిగి ఆవిడ జైలుకు వెళ్లారు. చదువు లేక, చట్టం తెలియక శిక్ష అనుభవిస్తున్న ఆడవాళ్లను అక్కడ చూశారు. బయటికి వచ్చాక, బడి మానేసిన చాలా ఏళ్లకు, మళ్లీ పుస్తకం పట్టారు. మెట్రిక్ కట్టారు, డిగ్రీ చేశారు, లా చదివి లాయరయ్యారు.

తను చదువుకుని ఊరుకోలేదు. అప్పట్లో మనకు రాజధాని మద్రాసు. 1937లో అక్కడ ఆంధ్ర మహిళా సభ మొదలైంది. చదువు ఆగిపోయిన తెలుగు ఆడపిల్లలకు పాఠాలు చెప్పి, బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టడంతో ఆ పని మొదలైంది. తర్వాత చేతిపనులు, హాస్టలు, ఆసుపత్రి అలా పెరుగుతూ పోయింది. 'ఆంధ్ర మహిళ' అని పత్రిక కూడా నడిపారు. తర్వాత హైదరాబాదులోనూ సభ వేళ్లూనుకుంది. ఇదంతా చందాలతో, విరాళాలతో కట్టిన సంస్థ. విరాళం అడగడానికి ఆవిడ ఎప్పుడూ మొహమాటపడలేదు.

ఢిల్లీ నుంచి గ్రాంటు

రాజ్యాంగ సభలో సభ్యురాలిగా పనిచేసి, ఆ తర్వాత ఆవిడ ప్రణాళికా సంఘంలోకి వెళ్లారు. దేశంలో ఊరూరా ఏదో ఒక సేవా సంస్థ ఉంది, మంచి మనసూ ఉంది, చేతిలో డబ్బు మాత్రం లేదని సొంత అనుభవంతో తెలుసు. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఇలాంటి సంస్థలకు సాయం చేయడానికి 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ డబ్బు పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. మొదటి ఛైర్‌పర్సన్ దుర్గాబాయి గారే.

ఈ బోర్డు పనిచేసిన పద్ధతి మనం తెలుసుకోవాలి. తానే ఊరూరా ఆఫీసులు పెట్టుకునే బదులు, అప్పటికే అక్కడ పనిచేస్తున్న సంస్థకు గ్రాంటు ఇచ్చేది. ఆడవాళ్లకూ పిల్లలకూ ఏం కావాలో అక్కడి వాళ్లకే తెలుస్తుందన్న నమ్మకం అది. 1958లో పెద్దవయసు ఆడవాళ్ల కోసం కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టారు. బడి మానేసిన వాళ్లు, వితంతువులు, భర్త వదిలేసిన వాళ్లు తక్కువ కాలంలో చదువు పూర్తిచేసి నర్సులుగా, టీచర్లుగా, గ్రామసేవికలుగా ఉద్యోగాలకు వెళ్లే దారి అది. ఇప్పుడు మనం చూస్తున్న కుటుంబ సలహా కేంద్రాలకు కూడా 1983 నుంచి ఈ బోర్డు గ్రాంట్లు ఇచ్చింది.

ఆ కోర్సు చదివిన ఆవిడకు అప్పు ఇచ్చి, నెలనెలా వాయిదా కట్టమంటే కట్టగలదా? చదువు పూర్తయి ఉద్యోగం వచ్చేదాకా ఆవిడ చేతిలో పైసా లేదు. అందుకే అది గ్రాంటు అయింది.

చట్టం కోసం వాదన

డబ్బు ఒక్కటే సరిపోదని కూడా ఆవిడకు తెలుసు. ఆడవాళ్లకు ఆస్తిలో హక్కు కావాలని రాజ్యాంగ సభ రోజుల్లోనే మాట్లాడారు. 1953లో చైనా వెళ్లి వచ్చాక, కుటుంబ తగాదాలకు వేరే కోర్టులు ఉండాలని పెద్ద జడ్జీలతోనూ, నెహ్రూ గారితోనూ చర్చించారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చింది 1984లో. అప్పటికి ఆవిడ లేరు, 1981 మే 9న కన్నుమూశారు. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా మన రాష్ట్రంలో 1985 నుంచి, దేశమంతటా 2005లో వచ్చింది. ఒక మాట అడగడం మొదలుపెడితే, అది చట్టం కావడానికి ముప్పై ఏళ్లు, యాభై ఏళ్లు పడుతుందన్నమాట.

మన సంగతి

మన సంఘాల చరిత్రలోనూ ఇవే కనిపిస్తాయి. 1982లో డ్వాక్రా మొదలైనప్పుడు గ్రూపుకు 15,000 రూపాయల రివాల్వింగ్ ఫండ్ ఇచ్చారు. అది మన ముందుతరం వాళ్ల చేతికి వచ్చిన, ప్రభుత్వానికి తిరిగి కట్టక్కర్లేని డబ్బు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారూ, తోటి ఆడవాళ్లూ అక్షరాస్యత క్లాసుల్లో కూర్చున్నారు, ఆ తర్వాత సారా పాటలను అడ్డుకున్నారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పొదుపు ఉద్యమం ఆ వేడిలోంచే ఊపందుకుంది. అక్షరాలకు ఎవరో ఖర్చుపెట్టారు, గొంతెత్తింది మాత్రం ఆడవాళ్లే.

ఇప్పుడు మన దగ్గర గేదెకు అప్పు ఉంది, కుట్టుమిషనుకు ఉంది, కిరాణా కొట్టుకు ఉంది. అవన్నీ డబ్బు తిరిగొచ్చే పనులు. పదో తరగతి ఫీజుకు, ఫ్యామిలీ కోర్టుకు బస్సు ఛార్జీకి అప్పు తీసుకున్న మనిషి రేపు వాయిదా కట్టలేక సంఘానికే మొహం చాటేస్తుంది. అప్పుడు మనం డబ్బూ పోగొట్టుకుంటాం, మనిషినీ పోగొట్టుకుంటాం.

అందుకని తీర్మానంలో కొన్ని షరతులు పెట్టుకున్నాం. సభ్యుల పొదుపును, మూలధనాన్ని ముట్టుకోకూడదు, వడ్డీ మిగులులోంచే తీయాలి. గ్రామ సమాఖ్య మీటింగులో తీర్మానం రాసి పంపితేనే దరఖాస్తు చూడాలి. కమిటీలో ఉన్నవాళ్ల బంధువుల దరఖాస్తు వచ్చిన రోజు వాళ్లు పక్కకు తప్పుకోవాలి. ఏ పనికి ఎంత ఇచ్చామో మహాసభలో చదివి వినిపించాలి. సాయం తీసుకున్న వాళ్ల పేరు మాత్రం చదవకూడదు. అభిమానం పోతుందనుకుంటే ఎవరూ అడగడానికి రారు.

ఎంత శాతం పక్కన పెట్టాలో మహాసభే తేల్చాలి. వద్దన్నా అది సభ నిర్ణయమే. ఈ పేజీలను మీ మీ సంఘం మీటింగుల్లో చదువు వచ్చిన వాళ్లు చదివి మిగతా వాళ్లకు వినిపించండి. మాట్లాడుకోండి, ఒప్పుకోని వాళ్ల మాట కూడా మినిట్స్ పుస్తకంలో రాయండి. మహాసభకు ఆ పుస్తకం పట్టుకుని రండి.