తోడు

సంజామలలో మా ఇంట్లో ఈ మాట రోజుకు రెండుసార్లన్నా వినపడేది. చీకటి పడ్డాక ఎవరైనా బయటికి పోతుంటే "తోడు పో నాయనా" అని నన్ను లేపేది మా జేజి. రాత్రి పాలు గోరువెచ్చనయ్యాక "తోడేసినావా?" అని అమ్మను అడిగేది.

మొన్న అదే మాట మా మండలంలోనే ఒక బడి గుమ్మంలో విన్నాను. ఏడేళ్ల కొడుకును చేర్పించడానికి ఒక తల్లి వచ్చింది. బిడ్డకు ఆటిజం. పిలిస్తే తిరిగి చూడడు. తిరిగే ఫ్యానును చూస్తూ వేళ్లు ఆడిస్తుంటాడు. "సరేమ్మా, బిడ్డకు తోడెవరు కూసుంటారు?" అని బడివాళ్లు అడిగారు. "నేనే కూసుంటా సార్" అందామె. అంటే కూలికి పోవడం మానుకోవాలి. ఇంటికి వచ్చినా ఆ మాట నన్ను వదల్లేదు.

తోడు అచ్చతెలుగు మాట. తమిళంలో స్నేహితుడు తోళన్, స్నేహితురాలు తోళి. వాళ్ల కోళి మనకు కోడి అయినట్టు, వాళ్ల ఏళు మనకు ఏడు అయినట్టు, వాళ్లు నాలుక మడిచి పలికే ఆ ళకారం ఇక్కడ డకారమైంది. బావిలో నీళ్లు తోడడం వేరే కుదురు, తవ్వడమనే అర్థమున్న తమిళ 'తోండు' దానికి చుట్టం. తోబుట్టువు, తోడికోడలు, తోడల్లుడు మాత్రం ఈ ఇంటివాళ్లే. వీళ్లలో ఒకరు పైన, ఒకరు కింద కాదు. ఒకే కడుపున పుట్టినవాళ్లు, లేదా ఒకే ఇంటికి వచ్చి చేరినవాళ్లు.

ఇక వ్యాకరణం. చేతన్, చేన్, తోడన్, తోన్ అని చిన్నప్పుడు వల్లించినవాళ్లమే. ఆ తోడే అరిగి 'తో' అయింది. మా పక్క ఇప్పటికీ 'తోటి' అంటాం. "అన్నతో వచ్చినాడు", "కొడవలితో కోసినాడు". పక్కనున్న మనిషికీ 'తో'నే, చేతిలోని పనిముట్టుకూ 'తో'నే. ఇందులో చిక్కు ఉందని నాకు ఎన్నడూ తోచలేదు, ఆ బడిలో వెనక బెంచీ మీద కూర్చుని చూసిందాకా. ఆ పిల్లవాడి చేతిలో బలపం, ఆ చేతి మీద పెద్దవాళ్ల చెయ్యి. పలక మీద అ, ఆ గుండ్రంగా పడ్డాయి. "వీనితో రాయించినాం" అన్నారు సంతోషంగా. వాళ్ల ప్రేమను నేను శంకించను. కానీ ఆ వాక్యంలో బలపం ఎంతో, పిల్లవాడూ అంతే. 'రాయించు'లోని ఆ 'ఇంచు' వాణ్ని పనిముట్టును చేసింది.

జేజి తోడు వేసే తీరు గుర్తుకొచ్చింది. పాలు మరీ వేడిగా ఉండకూడదు, మరీ చల్లారకూడదు. చెంచాడు చాలు, ఎక్కువైతే పులుస్తుంది. వేశాక గిన్నె కదపకూడదు. తెల్లారేసరికి పాలు తోడుకుంటాయి. ఇక్కడ క్రియ చూడండి. పాలను ఎవరూ తోడించరు. అవే తోడుకుంటాయి. రాయించడం నుంచి రాసుకోవడం దాకా, 'ఇంచు' నుంచి 'కొను' దాకా నడవడమే ఈ పిల్లలకు తరగతిలో కావలసిన సాయమని నాకనిపిస్తుంది. ఆ సాయం చూడడానికి చెంచాడే. రోజు ఎలా సాగుతుందో వరసగా చూపించే బొమ్మల టైంటేబులు. గంట కొట్టకముందే "ఇప్పుడు గంట కొడతారు" అని ఒక మాట. ఒకసారికి ఒకే పని చెప్పడం, చెప్పి కాసేపు ఊరుకోవడం. ఆ ఊరుకోవడమే అన్నిటికన్నా కష్టం.

పట్నం బడుల్లో ఇలాంటి పిల్లల పక్కన కూర్చునే మనిషిని షాడో టీచరు, అంటే నీడ టీచరు, అంటున్నారు. తోడూ నీడా అని మనమూ జంటగా అంటాం గానీ ఆ రెండూ ఒకటి కావు. వెలుతురున్నంతసేపూ నీడ వదలదు. అలా వదలకుండా పక్కన ఒక పెద్దమనిషి కూర్చుంటే టీచరు పిల్లవాణ్ని అడగడం మానేసి ఆ మనిషినే అడుగుతుంది, పక్కపిల్లలూ అంతే.

ఆటిజం అనే మాట 1911 నాటికి స్విస్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ గ్రీకు 'ఆటోస్' నుంచి చేసింది. ఆటోస్ అంటే తాను. 1943లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాస్తూ దాన్ని తీసుకున్నాడు. తనలో తాను ఉండేవాడికి తోడు అక్కర్లేదని ఆ పేరు విన్నవాళ్లు అనుకుంటారు. పక్కన కూర్చుని మాట్లాడకుండా ఉండడం కూడా తోడేనని చీకట్లో నడిచిన మాకు తెలుసు.

మన దేశంలో 1995 వికలాంగుల చట్టం చెప్పిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 2016 చట్టం 21 వైకల్యాల్లో దాన్ని చేర్చి, బిడ్డకు తగిన సాయం అందించే బాధ్యత బడి మీద పెట్టింది. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మండలాల్లో ఈ పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, ఊరూరూ తిరిగే ప్రత్యేక ఉపాధ్యాయులు, ఐఈఆర్టీలు, ఉన్నారు. వాళ్లు రాని రోజున తల్లే తోడు. ఈ చదువుకు సర్కారు పెట్టిన పేరు సహిత విద్య. సహితం అంటే కూడి ఉన్నది. సంస్కృతంలో చెప్పిన తోడే అది. పేరు పెట్టినవాళ్లే ఆ తల్లిని కూలికి పంపగలగాలి.

నేను ఆ బడిలో కూర్చున్న రోజు మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు. ఆ ఏడేళ్ల పిల్లవాడు చెవులు మూసుకున్నాడు. వసారాలో తల్లి లేచి నిలబడింది. ఇంతలో ముందు బెంచీ పిల్లవాడు రెండు పళ్లేలు తెచ్చి, ఒకటి వాడి ముందు పెట్టి, "నా తోటి రారా" అన్నాడు. వాడు ఆ పిల్లవాని మొహం చూడలేదు. కాసేపటికి లేచి, వాని చొక్కా కొస పట్టుకుని వరసలో నిలబడ్డాడు. తల్లి మళ్లీ కూర్చుంది.