అలుగు, మొసలి (నల్లమల)

అలుగు, మొసలి అనునవి పూర్వపు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల దక్షిణపుటంచున, కృష్ణానదికి ఉత్తరమున వ్యాపించిన నల్లమల ప్రాంతమందు నివసించుచు, పొలుసులచేత సన్నిహితములుగా తోచినను వర్గీకరణమున సంబంధము లేని రెండు వన్యజంతువులు. అలుగు (మానిస్ క్రాసికాడేటా; జెఫ్రాయ్, 1803) క్షీరదములలో ఫోలిడోటా క్రమమునకును, మొసలి (క్రోకోడైలస్ పలుస్ట్రిస్; లెసన్, 1831) సరీసృపములలో క్రోకడిలియా క్రమమునకును చెందును.

అలుగు పొలుసులు గోళ్లవలె కెరాటినుతో ఏర్పడినవి. మొసలి వీపుపొలుసుల క్రింద ఎముక పలకలుండును. దంతములు లేని అలుగు రాత్రివేళ పుట్టలను త్రవ్వి, జిగురుగల పొడవైన నాలుకతో చెదలను, చీమలను గ్రహించి, అపాయము కలిగినపుడు మెత్తని ఉదరమును లోనికి ముడిచి బంతివలె చుట్టుకొనును. మృగములకు కొరుకుడుపడని ఈ రక్షణోపాయమే, దానిని చేత నెత్తుకొనిపోవు వేటగానియెడ దానికి చేటయినది. మొసలి తీరపు నేలలో గుంట త్రవ్వి గ్రుడ్లు పెట్టును.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ఎఱ్ఱజాబితాలో అలుగు అంతరించు ప్రమాదముగల జాతిగను, మొసలి అంతకన్న ఒక మెట్టు తక్కువ ప్రమాదముగల దుర్బల జాతిగను నమోదైనవి. రెండును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో కలవు. అంతర్జాతీయ వాణిజ్యమును నిషేధించు సైటిస్ ఒప్పందపు మొదటి అనుబంధమున మొసలి 1975లో చేరగా, అలుగు 2017లో గాని చేరలేదు. తెలంగాణలోని నల్లమల భాగము నేడు సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యమున చేరియున్నది.