నీళ్లు చూసి వేసిన గుడారాలు

1652 సెప్టెంబరులో తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు గండికోట చేరాడు. గోల్కొండ వజీరు మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల చేతుల్లోంచి ఆ కోటను తీసుకుని అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. తెచ్చిన ముత్యాలు సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షాకు అమ్మాలంటే ముందు ఈ వజీరును మెప్పించాలి. తావెర్నియే లోపలికి వెళ్లేసరికి మీర్ జుమ్లా డేరాలో కూర్చుని ఉన్నాడు. కాళ్లకు జోళ్లు లేవు. కాలివేళ్ల సందుల్లో కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో మరికొన్ని. ఒకసారి కాలినుంచి, ఒకసారి చేతినుంచి ఒక్కో ఉత్తరం తీసి, జవాబు చెప్పి ఇద్దరు లేఖకుల చేత రాయిస్తున్నాడు. రాజ్యంలో సగం పని ఆ డేరాలోనే జరిగిపోతోంది.

తావెర్నియే ఇంకొక సంగతి కూడా రాసుకున్నాడు. అంత ఎత్తున, చుట్టూ రాయి తప్ప మరేమీ లేని ఆ కొండమీద ఊటలున్నాయి. వాటి కింద వరి, జొన్న పండుతున్నాయి. కోట నెలలకొద్దీ ముట్టడిని తట్టుకోవడానికి ఒకవైపు పెన్న కోసిన లోయ ఎంత కారణమో, ఈ నీళ్లూ అంత కారణం. ఇప్పటికీ కోట లోపల నడిచేవాళ్లకు ధాన్యాగారం, జామియా మసీదు, మాధవరాయ స్వామి ఆలయంతో పాటు రాయల చెరువు, కత్తుల కోనేరు కనిపిస్తాయి.

ఈనాడు బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల నుంచి శుక్రవారం రాత్రి బయల్దేరే కుర్రకారు శనివారం సాయంత్రానికి అదే లోయ అంచున గుడారాలు వేసుకుంటున్నారు. గండికోట ఊళ్లోనే గుడారాలు అద్దెకిచ్చే యువకులున్నారు. కొండల్లో గుడారం వేసి సెలవులు గడపడం కొత్తగా వచ్చిన వేడుకేనని చాలామంది అనుకుంటారు. కర్నూలు, కడప కొండలకు మాత్రం గుడారం కొత్తది కాదు. సైన్యాలు, యాత్రికులు, కలెక్టర్లు, భూగర్భ శాస్త్రజ్ఞులు, అందరూ ఇక్కడ డేరాలు వేసినవాళ్లే. వాళ్లందరి ప్రయాణాలనూ కలిపి చూస్తే ఒకే సూత్రం తేలుతుంది. ఎర్రమల, నల్లమల, వెలికొండ, పాలకొండల్లో మకాం ఎక్కడన్నది కొండ అందం మీద ఆధారపడలేదు, నీళ్ల మీద ఆధారపడింది. కడపలో ఏడాదంతా కలిపి కురిసే వాన 700 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అదీ నమ్మకంగా కురవదు. ఇలాంటి చోట బావి, కుంట, ఊట ఎక్కడున్నాయో తెలియకుండా బయల్దేరినవాడు వెనక్కి రావడమే గొప్ప.

ఆ ఎరుక బాగా ఉన్న యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఈయన 1830 మే 18న దాదాపు వందమంది పరివారంతో కాశీకి బయల్దేరాడు. పల్లకీలు, బోయీలు, గుడారాలు, వంటసామాను వెంట ఉన్నాయి. తిరుపతి, కడప, అహోబిలం మీదుగా ఆత్మకూరు వైపు సాగిన ఆ ప్రయాణాన్ని ఆయన దారిపొడవునా రాస్తూ పోయాడు. 1838లో అది ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. పుస్తకం తెరిస్తే ప్రతి మజిలీకీ ఒక లెక్క ఉంటుంది: ఊరెంత దూరం, దిగడానికి చోటుందా, అంగళ్లున్నాయా, నీళ్ల వసతి ఎలా ఉంది. వందమందికి వంట జరగాలి, బోయీలు అలసట తీర్చుకోవాలి. నీళ్లు చాలని ఊరు ఎంత అందమైనదైనా మజిలీకి పనికిరాదు. ఇవాళ సెలవుల ప్రయాణం తలపెట్టేవాళ్లు వేసుకోవలసిన పట్టిక దాదాపు ఇదే.

ఆత్మకూరు నుంచి శ్రీశైలం దారి ఇంకా కఠినం. నాగలూటి వీరభద్రస్వామి గుడి దాటగానే మెట్లు మొదలవుతాయి. తర్వాత పెద్దచెరువు, ఆ తర్వాత భీముని కొలను, చివర కైలాస ద్వారం. ఈ పేర్లలో రెండు నీటి పేర్లే కావడం యాదృచ్ఛికం కాదు. ఒక రోజు నడక ఎక్కడ ముగియాలో చెరువూ కొలనూ చెప్పాయి. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన పుణ్యం రెడ్డి రాజులకు దక్కింది. కర్నూలు నవాబులు తమ కాలంలో యాత్రికుల మీద పన్ను వసూలు చేశారు. అడవిలో మాత్రం దారి తెలిసినవాళ్లు చెంచులే. యాత్రికులను క్షేమంగా దాటించినందుకు వాళ్లకు కొంత రుసుము ముట్టే ఆనవాయితీ ఉండేది. ఏ వాగు ఎప్పుడు ఎండుతుందో, ఏ పొద వెనక ఊట ఉందో వాళ్లకు తెలుసు. నల్లమలలో తొలి గైడ్లు వాళ్లే.

ఆ దారి నేటికీ బతికే ఉంది. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి వేలమంది భక్తులు ఆత్మకూరు వైపు నుంచి అడవిలోకి దిగి, అవే మెట్లెక్కి, శ్రీశైలం మల్లన్నను చూడటానికి నడిచిపోతారు. మూటాముల్లె నెత్తిన పెట్టుకుని, చెట్టుకింద దుప్పటి పరుచుకుని పడుకుంటారు. ఎండలు ముదిరే వేళ కాబట్టి దారిలో నీళ్లు, అన్నం పెట్టే దాతల శిబిరాలే వాళ్లకు ఆసరా.

యాత్రికుడు ఏడాదికోసారి డేరా వేస్తే, కుంఫిణీ ప్రభుత్వం డేరాలోనే కాపురం పెట్టింది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. 1807 దాకా ఉన్నాడు. ఆ కాలంలో చాలాభాగం ఆయన గుడారాల్లోనే గడిపాడు, ఊరూరా తిరిగి రైతుతో నేరుగా మాట్లాడి పన్ను నిర్ణయించాడు. చింతతోపులో డేరా, పక్కన దిగుడుబావి, చెట్ల కింద ఫిర్యాదులు పట్టుకుని వచ్చిన రైతులు. పన్ను నిర్ణయించే జమాబందీ అంటే ఈ సీమవాళ్లకు తరతరాలుగా గుర్తున్న దృశ్యం అదే. ఊరి బయట తోపు నీడకోసం ఎంత పనికొచ్చిందో, దొరల మకాంకూ అంత పనికొచ్చింది.

మన్రో తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. పదవి వదిలి స్వదేశానికి వెళ్లేముందు తనకు ఇష్టమైన ఈ సీమను చివరిసారి చూడాలని 1827లో పర్యటనకు వచ్చాడు. మకాంలో కలరా సోకింది. జులై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో చనిపోయాడు. వేంపల్లె దగ్గర పాపఘ్ని కొండలను చీల్చుకుని పారే గండి క్షేత్రంలో ఈ మరణం గురించి ఒక కథ చెప్పుకుంటారు. శ్రీరాముడికి స్వాగతంగా ఆ రెండు కొండల నడుమ కట్టిన బంగారు తోరణం పుణ్యాత్ములకే, అదీ ఆయువు తీరే ముందే, కనిపిస్తుందట. మన్రోకు కనిపించిందట. చరిత్రకు ఆ తోరణంతో పని లేదు కానీ, ఒక దొర మీద జనానికి ఎంత అభిమానం ఉంటే అలాంటి కథలో చోటిస్తారో ఊహించుకోవచ్చు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్న సీమ ఇది. ప్రభుత్వం పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం చేసిన పని ఇంకా చెప్పుకోదగ్గది: ఒక తోపు వేయించి, రాతిమెట్ల బావి తవ్వించింది. బాటసారికి దిగడానికి ఏం కావాలో అవే.

డేరా జీవితం అందరికీ ఒకేలా లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1876లో మొదలైన ధాత కరువులో ఇదే నేల మీద కరువు శిబిరాలు వెలిశాయి. పిడికెడు గింజల కూలికి రాళ్లు కొట్టి, రోడ్లు వేసి, బతికినవాళ్లు బతికారు. దొరలకు వేసవి విడిదిగా ఉన్న కొండల నీడలోనే ఇదీ జరిగింది.

ఆ విడిది ఏనుగు మల్లమ్మ కొండ. మదనపల్లె తాలూకా అప్పుడు కడప జిల్లాలోది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడే అటు వెళ్లింది. కడప ఎండకు తాళలేక కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్‌లీ 1870 ప్రాంతంలో ఈ కొండమీద వేసవి ఇల్లు కట్టుకున్నాడు. ఎత్తు 1,265 మీటర్లు. కింద నేల మాడిపోతుంటే పైన దుప్పటి కప్పుకోవచ్చు. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే బాలిక కథతో కొండకు ఆ పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. ప్రభుత్వ పటాల్లో మాత్రం హార్స్‌లీ కొండగా స్థిరపడింది. ఊటీకి పోలేని అధికారులకు అందుబాటులో ఉన్న చల్లదనం అది. సీమలో సెలవుకోసమే కొండెక్కడం అక్కడినుంచి అలవాటయింది.

ఇక పనిమీద కొండల్లో దిగినవాళ్లలో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్‌ను మరువలేం. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1844లోనే న్యూబోల్డ్ అనే సైనికాధికారి లోకానికి తెలిపాడు. నలభై ఏళ్ల తర్వాత ఇంగ్లండులో ప్రసిద్ధుడైన జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీ, ఆ గుహలను తవ్వి చూడమని మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సూచించాడు. ఆ పని ఫుట్‌కు పడింది. 1884 నుంచి ఆయన, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న కొడుకు హెన్రీ, సున్నపురాయి గుహల అడుగున మట్టిని పొరలు పొరలుగా తీయించారు. ఇప్పుడు ఈ సీమలో ఎక్కడా కనిపించని ఖడ్గమృగం ఎముకలు ఆ పొరల్లో దొరికాయి. అంటే ఒకప్పుడు ఈ ఎండు కొండల చుట్టూ నీళ్లూ పచ్చికా దండిగా ఉండేవన్నమాట. ఇప్పుడు అందరూ చూసే బెలుం గుహల ప్రస్తావన కూడా ఫుట్ రాతల్లోనే ఉంది. వాటిని 1980లలో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలిదాకా కొలిచింది. 2002లో అవి సందర్శకులకు తెరుచుకున్నాయి.

కొండల్లో రాత్రి గడిపేవాళ్లు వెలుతురు విషయంలోనూ జాగ్రత్తగా ఉండాలని కలివికోడి కథ చెబుతుంది. 1848లో జెర్డన్ అనే వైద్యుడు లోకానికి పరిచయం చేసిన ఈ పక్షి 1900 తర్వాత కనబడకుండా పోయింది. అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్‌కు కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు దాన్ని పట్టి తెచ్చాడు. టార్చిలైటు వేసి రాత్రిపూట పట్టాడు. పగలు తుప్పల్లో దాక్కుని చీకట్లో మేతకు తిరిగే పక్షి అది. దానికోసమే లంకమల అడవిని అభయారణ్యం చేశారు. ఈ పొదల్లో డీజే పాటలు, జనరేటరు దీపాలు పెట్టుకునేవాళ్లకు ఏం నష్టం జరుగుతోందో కంటికి కూడా కనబడదు.

ఇప్పుడు ప్రయాణం తలపెట్టేవాళ్లకు ఈ చరిత్ర నేరుగా పనికొస్తుంది. నల్లమలలో ఇష్టమొచ్చిన చోట గుడారం వేయడానికి వీల్లేదు. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి 1983లో పులుల రక్షిత ప్రాంతమైంది. దోర్నాల–శ్రీశైలం ఘాట్ రోడ్డులో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలు ఆపేస్తారు. అటవీశాఖ చెంచులతో కలిసి నడిపే బైర్లూటి జంగిల్ క్యాంపులో కాటేజీలూ గుడారాలూ ఉన్నాయి. అక్కడినుంచి నాగలూటి పాతదారి దగ్గరే. గండికోటకు వెళ్లేవాళ్లు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళితే ఎండబాధ ఉండదు. రైల్లో అయితే ముద్దనూరులో దిగవచ్చు, రోడ్డు మీద జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. లోయ అంచు పలకరాయి. గుడారం మేకు దిగదు, తాడు రాళ్లకు కట్టాలి. గాలి పెద్దది, అంచున చాలాచోట్ల కంచె లేదు. తాగునీళ్లు వెంట తీసుకెళ్లడమే క్షేమం.

పెన్న లోయలో మాత్రం ఇప్పుడు నీళ్లకు కొదవ లేదు. గండికోట జలాశయం 26.85 టీఎంసీలు నిలపగలదు. దానికోసం తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు 2020లో ఖాళీ అయ్యాయి. పర్యాటకుల ఫొటోల్లో కనిపించే ఆ నీలి నీటి వెనక ఇళ్లు వదిలిన కుటుంబాలున్నాయి. 2024లో కేంద్రం గండికోట అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ డబ్బుతో వచ్చే విడిది గృహాల్లో, పడవల్లో, గైడు పనుల్లో మొదటి వాటా ఆ కుటుంబాలకూ గండికోట ఊరివాళ్లకూ రావాలి. విలాస గుడారాలకు గొట్టాలు వేసే ముందు రాయల చెరువు పూడిక తీసి, కత్తుల కోనేటి మెట్లు బాగుచేసి, నాగలూటి నుంచి భీముని కొలను దాకా నడిచే భక్తులకు బావులు నిలబెట్టాలి. మీర్ జుమ్లా సైన్యానికీ వీరాస్వామయ్య పరివారానికీ సరిపోయిన నీటి ఏర్పాట్లు, కాస్త మరమ్మతు చేస్తే, వారాంతపు యాత్రికులకూ సరిపోతాయి.