మన నర్సమ్మలు సముద్రము దాటుటకు కారణము

డాక్టరు అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు చేరారు. ఆమె కృషివలన స్త్రీల ఆసుపత్రి 1898లో తెరవబడింది. ఆ దినాలలో పరుల పుండ్లు కడుగుట హీనమైన పనియని అనేకులు ఎంచారు. మన క్రైస్తవ సంఘముల ఆడపిల్లలు ఆ పని నేర్చుకొన్నారు. పత్తి తీసి, మిరపకాయలు కోసిన తల్లుల కుమార్తెలకు అది నెల జీతపు బ్రతుకు నిచ్చింది.

అట్టివారు ఇల్లు విడిచి ఏల వెళ్లారు? అమెరికా 1965లో తన వలస చట్టమును మార్చింది. 1973 తరువాత చమురు ధర పెరిగి గల్ఫు దేశములలో ఆసుపత్రులు వెలిశాయి. ఇక్కడ ప్రైవేటు ఆసుపత్రులలో జీతము స్వల్పము. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశముపై ఏర్పడిన కమిటీ, చిన్న ఆసుపత్రిలోనైనను నర్సు జీతము 20,000 రూపాయలకు తగ్గరాదని చెప్పవలసివచ్చింది.

దారి సులువు కాదు. ఇంగ్లీషు పరీక్ష, నర్సింగు పరీక్ష, సర్టిఫికెట్ల తనిఖీ, వీసాకై నిరీక్షణ. పైగా ఏజెంటు రుసుముకు పొలము తాకట్టు. 1990లో ఇరాకు కువైట్‌ను ఆక్రమించగా 1,70,000 మందికి పైగా భారతీయులు తిరిగి రావలసివచ్చింది. మోసములు పెరుగగా, 18 దేశములకు నర్సుల నియామకము ప్రభుత్వ సంస్థల ద్వారానే జరుగవలెనని కేంద్రము 2015లో ఆదేశించింది.

వెళ్లిన బిడ్డను ధనాశ గలదని నిందింపరాదు. ఆమె పంపిన డబ్బుతో తమ్ముళ్లు చదువుకొనుట, చెల్లెండ్ర పెండ్లిండ్లు జరుగుట మేము చూచితిమి. అయితే ఏజెంటు లైసెన్సు చూడక రూపాయి ఇయ్యరాదు. సంఘపెద్దలు ఆ కాగితము అడిగి చదివినయెడల ఒక కుటుంబము అప్పులపాలు కాకుండ నిలుచును.