వశిష్ఠకు ఇరుపక్కలా లేసు అల్లిక

నరసాపురం లేసు అని పేరు పడింది గాని, పని నరసాపురంలోనే ఆగలేదు. వశిష్ఠ గోదావరికి పడమటి ఒడ్డున నరసాపురం, పాలకొల్లు. తూర్పు ఒడ్డున, అంటే కోనసీమ వైపు, సఖినేటిపల్లి, అంతర్వేది, మలికిపురం, రాజోలు. వ్యాపారుల దుకాణాలు, గోదాములు, ఎగుమతి కాగితాలు నరసాపురం వైపున ఉంటే, అల్లే చేతులు రెండు ఒడ్డుల మీదా ఉండేవి. ఈ పని మొత్తం 19 మండలాల్లో సాగుతోంది. వాటిలో కోనసీమలోని రాజోలు, అమలాపురం ప్రాంతాలు కూడా చెప్పుకోవాల్సినవే.

ఈ అల్లిక ఇక్కడ పుట్టింది కాదు. ఇంగ్లండులోని డెవన్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మిషనరీలు 1836లో ఇండియాకు బయల్దేరి, చివరికి నరసాపురం చుట్టుపక్కల స్థిరపడ్డారు. వారి పని తర్వాత గోదావరి డెల్టా మిషన్‌గా పేరు పొందింది. లేసును తెచ్చినవారు మాత్రం స్కాట్లండుకు చెందిన మెక్రే దంపతులని, 1844లో నేర్పడం మొదలుపెట్టారని చెబుతారు. అప్పటికి డెల్టా పొలాలకు నీరిచ్చే ధవళేశ్వరం ఆనకట్ట లేదు. ఇంజనీరు కాటన్ దాని పని మొదలుపెట్టింది 1847లో. 1833 కరువు, 1839 కోరంగి ఉప్పెన చూసిన ప్రాంతం ఇది. పొలం పని లేని రోజుల్లో ఇంట్లో కూర్చుని నాలుగు డబ్బులు తెచ్చుకునే మార్గంగా ఈ విద్య ముందు క్రైస్తవం పుచ్చుకున్న మాల, మాదిగ కుటుంబాల ఆడవాళ్లకు అందింది. సరిగ్గా అదే దశాబ్దంలో ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్లి కరువొచ్చినప్పుడు అక్కడి సన్యాసినులు, జమీందారీ కుటుంబాల స్త్రీలు పేద ఇళ్లవారికి ఇదే కొక్కెం సూది (క్రోషే) అల్లిక నేర్పారు. అక్కడ కూడా పువ్వులు ఒకరు, ఆకులు ఒకరు అల్లితే, వాటిని కలిపేది ఇంకొకరు.

సరంజామా అంతా ఒక సూది, ఒక దారపు ఉండ. సూది కొసన చిన్న కొక్కెం ఉంటుంది. ఎడమచేతి వేలికి పోగు చుట్టి, కొక్కెంతో దాన్ని లాగి ఒక ముడి, ఆ ముడిలోంచి ఇంకో ముడి. అలా నాలుగైదు గొలుసు ముడులు వేసి మొదటిదానితో కలిపితే పువ్వుకు నడిబొడ్డు. దాని చుట్టూ వరసకో వరసగా రెక్కలు లేస్తాయి. మధ్యలో ఒక్క కన్ను, అంటే ఒక్క ముడి, లెక్క తప్పితే వరసంతా విప్పాల్సిందే. కొక్కెం తీసి పోగు పట్టి లాగితే అరగంట పని అర నిమిషంలో మళ్లీ దారమైపోతుంది. తెల్లదారం మాయకుండా చేతులు కడుక్కుని, ఒళ్లో ఉతికిన గుడ్డ పరుచుకుని కూర్చోవాలి.

ఈ విద్యకు మొదట్లో మిషన్ వాళ్ల పాఠం ఉన్నా, ఊళ్లకు పాకింది మాత్రం అరుగుల మీదే. మధ్యాహ్నం వంటా వార్పూ అయ్యాక వెలుతురున్న చోట నలుగురు చేరేవారు. కొత్త డిజైను కాగితం మీద రాదు. మచ్చు ముక్కను ఒళ్లో పెట్టుకుని కళ్లు లెక్కపెట్టి దించుకోవాలి. ఒకరు దించితే మిగతావారికి వచ్చేసినట్టే. తల్లి నుంచి కూతురికి, తోడికోడలి నుంచి తోడికోడలికి, పక్కింటి పిన్ని నుంచి బడి మానేసిన పిల్లకు అలా దిగింది. తర్వాతి కాలంలో కాపు కుటుంబాల్లోకి గట్టిగా వెళ్లడానికి వేరే కారణం ఉంది. గడప దాటి కూలికి వెళ్లడం పరువు తక్కువ అనుకునే ఇళ్లకు ఇది అనుకూలమైన పని. చేసేది కూలే అయినా, ఇంట్లో కూర్చుని చేస్తే ఎవరూ కూలి అనరు.

ఆ మాటలోనే చిక్కుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రెండు వేల మందికి పైగా స్త్రీలు ఈ పనిలో ఉండేవారు. సరుకు బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికాలకు వెళ్లేది. ఈ పని 1899 నాటి కరువునూ 1929 తర్వాతి ఆర్థికమాంద్యాన్నీ తట్టుకుంది. ఊరు మాత్రం దాన్ని పరిశ్రమ అనుకోలేదు, ఆడవాళ్ల కాలక్షేపం అనుకుంది. దారం ఏజెంటు తెచ్చి ఇచ్చేవాడు. వాడిన దారాన్ని బట్టే కూలి. ఒకామె పువ్వులు మాత్రమే, ఒకామె అంచులు మాత్రమే. అతుకుడు పని చేసేది మరొకామె. పువ్వు అల్లినామెకు అది బల్ల మీద గుడ్డ అవుతుందో, దిండు గలీబు అవుతుందో తెలియదు. అది ఏ ధరకు అమ్ముడవుతుందో అసలే తెలియదు. పక్కపక్కన కూర్చుని అల్లినా, ఒకామెకు ముట్టిన కూలితో రెండో ఆమెకు సంబంధం లేదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ సంగతినే 1970ల చివర నరసాపురం ఊళ్లలో ఉండి పరిశీలించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసిన ఆ అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. ఎగుమతులు పెరిగిన కాలం అది. వ్యాపారుల ఇళ్లకు అంతస్తులు లేస్తుంటే, అల్లేవారికి రోజంతా పనికి రూపాయి కూడా గిట్టేది కాదు. వ్యాపారం లాభసాటి అయ్యేకొద్దీ, అంతకుముందు ఏజెంట్లుగా తిరిగిన కొందరు ఆడవాళ్లు వెనక్కి తప్పుకోగా మగవాళ్లు ముందుకొచ్చారని కూడా ఆమె చూపింది. వీళ్లను గృహిణులు అని పిలవడమే వీళ్ల కూలి తగ్గడానికి కారణమని ఆమె వాదన. ప్రపంచమంతటా స్త్రీల శ్రమ మీద రాసేవారు ఆ పుస్తకాన్ని ఉదాహరించారు. దానివల్ల అరుగు మీద కూలి రేటు వెంటనే మారిపోలేదు గాని.

మార్పు లేసు వైపు నుంచి కాక పొదుపు వైపు నుంచి వచ్చింది. గ్రామీణ స్త్రీల కోసం 1982లో కేంద్రం మొదలుపెట్టిన డ్వాక్రా పథకం ఆంధ్రలో ఊపందుకున్నది 1990లలో. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాల మీద తిరగబడ్డాక, ఆ కదలిక పొదుపు సంఘాల్లోకి మళ్లింది. రోజుకు రూపాయి, నెలకు ముప్పై అన్నది నాటి లెక్క. అంతకు పదిహేనేళ్ల ముందు లేసు అల్లితే రోజుకు రాని రూపాయి అది. ధరలు పెరిగిన మాట నిజమే, అయినా ఆ రెండు రూపాయలూ పక్కపక్కన పెట్టి చూడదగ్గవే. పది పదిహేను మంది కలిసి ఒక సంఘం, నెలనెలా సమావేశం, తీర్మానాల పుస్తకం, సంఘం పేరుతో బ్యాంకు ఖాతా. వడ్డీ వ్యాపారి గుమ్మానికి వెళ్లకుండా సంఘంలోనే అప్పు. 2000 నుంచి వెలుగు పథకం కింద ఇవే గ్రామైక్య సంఘాలుగా, మండల సమాఖ్యలుగా పెరిగాయి. కోనసీమలో అల్లికకు చేరిన నలుగురే చాలాచోట్ల సంఘానికీ చేరారు. ఇందులో వింతేమీ లేదు; ఒకరి ఇంటి సంగతి ఒకరికి తెలిసినవాళ్లే ఒకరి అప్పుకు ఒకరు పూచీ పడగలరు.

1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం రెండో తలుపు తీసింది. పాత సహకార చట్టం కింద అధికారుల చేతిలో ఉండే పెత్తనం ఇందులో సభ్యులకే దక్కింది. ఆ చట్టం కిందనే లేసు అల్లే స్త్రీల సంఘాలు కలిసి అలంకృతి అనే సమాఖ్య అయ్యాయి. నరసాపురం దగ్గర సీతారామపురంలో లేసు పార్కు దానికి నెలవు. దారం కొనడం, డిజైను నేర్పడం, ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేసి కట్టలు కట్టడం, కొనుగోలుదారుతో ధర మాట్లాడటం అనే వరసలో, అంతకుముందు ఏజెంటు చేతిలో ఉన్న మెట్లలో కొన్ని ఇక్కడ స్త్రీల చేతికి వచ్చాయి. అన్నీ రాలేదు. పెద్ద ఎగుమతిదారులు అలాగే ఉన్నారు, ఇళ్లకు దారం పంచే పద్ధతీ ఉంది.

ఈలోగా అల్లే చేతులు తగ్గాయి. రాజోలు, మలికిపురం ప్రాంతాల నుంచి ఎందరో స్త్రీలు కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లారు. అక్కడి జీతంతో లేసు కూలి పోటీ పడలేదు. చైనా నుంచి యంత్రం మీద నేసిన లేసు చవగ్గా దిగింది. కొక్కెం అల్లికను యంత్రం అచ్చంగా చేయలేదు, దాన్ని పోలిన గుడ్డను మాత్రం మీటర్ల కొద్దీ నేస్తుంది. కొనేవారిలో చాలామందికి తేడా తెలియదు.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటికి 15 వేల మందికి పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నట్టు లెక్క. గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టింది ఎగుమతి కంపెనీ కాదు, అలంకృతి సమాఖ్య. ఇన్నాళ్లూ బిల్లుల మీద ఎక్కువగా వ్యాపారుల పేర్లే ఉన్న సరుకుకు, ప్రభుత్వ రిజిస్టరులో హక్కుదారుగా అల్లేవారి సంఘం పేరు నమోదైంది.