విద్యార్థి చలనచిత్ర సాధన
విద్యార్థి చలనచిత్ర సాధన అంటే చదువుకునే దశలో, పరిమిత పరికరాలతో కెమెరా పనినీ కథా నిర్మాణాన్నీ కలిపి నేర్చుకునే పద్ధతి. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల (నేటి ఎన్‌ఐటీ), 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడిన వరంగల్ ఇందుకు అనువైన ఊరు. ‘అర్జున్ రెడ్డి’ (2017) దర్శకుడు సందీప్ రెడ్డి వంగా ఇక్కడివారే; సినిమా చదువు మాత్రం ఆస్ట్రేలియాలో సాగింది.

కెమెరా పని, కథా నిర్మాణం అనే ఈ రెండు విద్యలనూ విడదీసి నేర్పడం సరికాదు. షాట్ ఎంపికను నిర్ణయించేది కథే: పాత్రకు ఏం కావాలి, అడ్డేమిటి అన్నది తేలితేనే, ఉదాహరణకు, హనుమకొండలోని వేయిస్తంభాల గుడి దూరపు షాట్‌లో కనిపించాలా, ముఖం దగ్గరగా కనిపించాలా అన్నది తేలుతుంది. ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు కెమెరా వారి మధ్య ఊహారేఖకు ఒకే వైపు ఉండాలన్న 180 డిగ్రీల నియమం కూడా ఎవరు ఎవరిని చూస్తున్నారో ప్రేక్షకుడికి తెలిసేందుకే. సెకనుకు 24 ఫ్రేములకు షట్టర్ వేగం 1/50 సెకను పెడితే కదలిక సహజంగా ఉంటుంది. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కనుక దీపాల మినుకూ తగ్గుతుంది. నియమాలు సృజనను బిగిస్తాయన్న అభ్యంతరం ఉంది. కానీ ఫ్రెంచ్ దర్శకుడు గొడార్ 1960లో ‘బ్రెత్‌లెస్’లో షాట్ల కొనసాగింపును తెంచినప్పుడు ప్రేక్షకుడు ఉలిక్కిపడింది, ఆ కొనసాగింపుకు అలవాటుపడినందువల్లే. ఇక వరంగల్‌లో చిత్రీకరణ విషయానికొస్తే, వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాలు. అక్కడ చిత్రీకరణకు ముందస్తు అనుమతి తప్పనిసరి.