ఏమప్పా, ఆరామా?

ఆదోని, ఎమ్మిగనూరు దిక్కున ఇద్దరు ఎదురుపడితే 'ఏమప్పా, ఆరామా?' అనే పలకరింపు తరచూ వినబడుతుంది. మన పంచారామాల్లోని సంస్కృత 'ఆరామం', పారశీకం నుంచి వచ్చిన ఈ 'ఆరాం' దూరపు చుట్టాలే. కానీ పలకరింపుగా మారింది మాత్రం రెండోదే.

1565 తళ్లికోట యుద్ధం తర్వాత కొన్నేళ్లకే ఆదోని కోట బిజాపూర్ సుల్తానుల చేతికొచ్చింది. వాళ్ల తరఫున సిద్దీ మసూద్ ఖాన్ ఇక్కడ పాలించాడు. 1688లో మొగలులు, ఆ పైన నిజాం తమ్ముడు బసాలత్ జంగ్, 1786లో టిప్పు, 1800లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. కచేరీలో, దండులో, సంతలో పారశీకం, దక్కనీ మాటలు జనం నోట పడ్డాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఉత్తర కర్ణాటకలోనూ క్షేమం అడగడానికి 'ఆరామా' అనే అంటారు. సరిహద్దు మారినా పలకరింపు మారలేదు.

ఈ ఒక్క మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. 'జరం తగ్గింది, ఇప్పుడు ఆరామే' అంటే ఒళ్లు కుదుటపడిందని. 'ఆరాంగా రా' అంటే తొందర లేదని. 'ఆరాంగా అయిపోతాది' అంటే పని సులువని. 'వానికేమప్పా, ఆరాంగా ఉన్నాడు' అన్నప్పుడు కాస్త అసూయ తొంగిచూస్తుంది.

'ఆరామ్ హరామ్ హై' అన్న నెహ్రూ నినాదం దేశమంతా మోగింది. అందులో ఆరాం అంటే సోమరితనం. మా వైపు ఆ అర్థం అంటించడం అన్యాయమని నా గట్టి నమ్మకం. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఎమ్మిగనూరు. గుంట మగ్గంలో కాళ్లు దించి, తొక్కుడు కర్రలు మార్చి మార్చి తొక్కుతూ, తెగిన పోగును వేళ్లతో అతుకుతూ పగలంతా నేసే మనిషి కాసేపు నడుం వాల్చడం సోమరితనం ఎట్లవుతుంది?

వానలు మోసం చేసిన ఏడాది పల్లెలకు పల్లెలు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. గుంటూరు దిక్కు మిరపకోతకు కుటుంబాలతో లారీలెక్కుతారు. అక్కణ్ణుంచి ఫోనొస్తే ముసలివాళ్లు కూలి ఎంతని తర్వాత అడుగుతారు, ముందు 'అందరూ ఆరామేనా' అంటారు. అవతల ఎండ, నడుం నొప్పి ఎంతున్నా 'ఆరామే' అనే జవాబు.

ఇప్పటి పిల్లలు 'చిల్' అంటున్నారు. తోటివాళ్ల మధ్య అది చెల్లుతుంది. కానీ ఊళ్లో ఉన్న అవ్వకు ఫోను చేస్తే వాళ్లూ 'ఆరామేనా అవ్వా' అనే అడుగుతారు.